నెత్తిమీద ఎవరూ నడవని చోటు

కోడలు జనని ఫోనులో ఒక ఫోటో చూసిన దగ్గర్నుంచి బొమ్మికి కంటిమీద కునుకు లేని సంగతి పోయిన వారం చెప్పుకున్నాం. సత్రపట్టిలో ఊరివాళ్ళే వంతులు వేసుకుని నడిపే పాతసామాన్ల మ్యూజియంలో జనని స్నేహితురాలు తీసిన ఫోటో అది. రోకళ్ళు, కవ్వాలు, ఇత్తడి బిందెల వెనక దూలానికి వేలాడుతూ ఒక తాటాకు పెట్టె. దాని మూత మూలను నీలం దారంతో కుట్టి ఉంది. ఆ కుట్టు బొమ్మిదే. కొత్తకోడలుగా వచ్చిన ఏడు, ఎలుక కొరికిన ఆ మూలను చేతికి దొరికిన దారంతో తనే కుట్టింది.

అది వాళ్ళ ఇంటి పేరంటాలమ్మ పెట్టె. ఎన్నడో పసుపుకుంకాలతో కన్నుమూసి, ఆ ఇంటినే కనిపెట్టుకుని ఉండిపోయిన ఒక కోడలి చీర అందులో ఉంటుంది. ఏటా మాసి నెల శివరాత్రికి ఇంటి పెద్దకోడలు కళ్ళు మూసుకుని, చేత్తో తడుముతూ, పాత చీరల కింద కొత్త చీర పెడుతుంది. లోపల ఏముందో కంటితో చూసినవాళ్ళు లేరు. చూడకూడదు. పాత ఇల్లు వదిలి రాజపాళయంలో మేడ కట్టుకున్నప్పుడు ఆ పెట్టె కూడా తమతో వచ్చిందనే అందరూ అనుకున్నారు. సామి గదిలో పసుపుగుడ్డ చుట్టిన పెట్టె ఈనాటికీ వేలాడుతూనే ఉంది. మరి సత్రపట్టిలో ఉన్నది పేరంటాలమ్మ అయితే, ఇన్నేళ్ళూ తాము మొక్కినది ఎవరికి?

జననికి ఇప్పుడు ఎనిమిదో నెల. రెండుసార్లు నిలవని కడుపు ఈసారి నిలిచింది. రేపే శివరాత్రి. చీర చేరవలసిన చోటికే చేరాలి. అత్త ముత్తమ్మాళ్ తళవాయిపురంలో ఉన్న తన చెల్లెలిని చూసి వస్తానని పొద్దున్నే వెళ్ళింది. భర్త రాజగోపాలన్ మిల్లుకు పోయాడు. బొమ్మి స్నానం చేసి, పచ్చి మంచినీళ్ళయినా తాగకుండా బస్సెక్కింది.

* * *

సత్రపట్టిలో దిగగానే మగ్గాల చప్పుడు మనిషిని చుట్టేస్తుంది. ప్రతి ఇంటి వెనకా మరమగ్గం. ఆసుపత్రుల్లో గాయాలకు చుట్టే పలచని తెల్లగుడ్డ అక్కడ పగలంతా నేస్తూనే ఉంటారు. వీధిలో గాలి కనబడుతుంది, ఎందుకంటే అందులో దూది నూగు తేలుతూ ఉంటుంది. బొమ్మి ఆ తెల్లటి గాలిలో నడుస్తుంటే కాళ్ళు నేలకు ఆనుతున్నాయో లేదో తెలియలేదు. ఉపవాసం వల్ల తల తేలిగ్గా ఉంది. మగ్గాల చప్పుడు కాసేపటికి చప్పుడులా లేదు. ఎవరో పెద్దామె పక్కన కూర్చుని తొడమీద తట్టి నిద్రపుచ్చుతున్నట్టుంది.

మ్యూజియం అంటే పాత బడి. పెంకుటిల్లు. ఊళ్ళో ఒక్కో పెంకుటిల్లూ పడగొట్టి మేడలు లేపేకొద్దీ, మేడల్లో చోటు దొరకని సామాన్లన్నీ ఒక్కొక్కటే ఇక్కడికి చేరాయి. కప్పులో అక్కడక్కడ గాజు పెంకులు వేశారు. వాటిలోంచి ఎండ నిలువు స్తంభాల్లా దిగుతోంది. ఆ ఎండలో కూడా నూగు మెల్లగా పైకి పోతోంది, కిందికి రావడం మరిచిపోయినట్టు. తిరగళ్ళు, ఏతం బొక్కెనలు, బిడ్డలకు ఉగ్గు పోసే గిన్నెలు. వేటికీ పేరు రాసి పెట్టలేదు. ఆ రోజు వంతు ఎవరిదో వాళ్ళు కూర్చుని నోటితో చెప్పాలి, అదే అక్కడి పద్ధతి. ఏ వస్తువుకు ఆ వస్తువు తన ఇంట్లో మధ్యాహ్నం పూట కునుకు తీస్తున్నట్టు ఉంది.

గడప దగ్గర చాపమీద ఒకామె కూర్చుని తెల్లగుడ్డను జానెడు మడతలుగా మడిచి పేరుస్తోంది. జుట్టునిండా నూగు.

"రాండక్కా, రాండి. చెప్పులు లోపలకే వేసుకొని రావచ్చు, ఇది గుడి కాదు," అంది. "నా పేరు పంకజం. బేస్తవారం నా వంతు. నిన్న వచ్చి ఉంటే మా మామ ఉండును. ఆయన ఒక్కో రోకలికి ఒక్కో గంట చెప్పును. మీ అదృష్టం."

బొమ్మి చెప్పులు బయటే విడిచింది. తల ఎత్తింది. దూలానికి వేలాడుతూ, ఎండ స్తంభానికి కాస్త పక్కగా, పెట్టె కనబడింది. నీలం కుట్టు కనబడింది. ఆమె రెండు చేతులూ వాటంతట అవే జోడయ్యాయి.

పంకజం మడత ఆపేసింది. "ఏమక్కా, చీరల పెట్టెకు దండం పెడతా ఉండారు?"

"ఇది చీరల పెట్టె అని ఎవురు చెప్పినారమ్మా నీకు?"

"నా ముందర వంతు చూసినామె చెప్పినాది. 'ఇది పాతకాలపు ఆడవాళ్ళ చీరల పెట్టె, కిందికి దించవద్దు, తెరవవద్దు, చూసేవాళ్ళకు ఇంత మాత్రమే చెప్పు' అని. నేను అంతే చెప్తా ఉండాను."

"ఇది మా ఇంటి పేరంటాలు."

పంకజం చటుక్కున లేచి నిలబడింది. తన చెప్పులు విడిచి కాలితో గడప బయటికి తోసింది. "అయ్యయ్యో! ఆమె కింద కూచోని నేను వంతు వచ్చినప్పుడంతా పెరుగన్నం తింటిని గదా! కరువాడు కూడా తింటిని ఒకదినం!" అని ఎండుచేప తిన్న నోటిని చేత్తో మూసుకుంది. "బడిపిల్లలకు వేలు పెట్టి చూపిస్తిని. తప్పేనా అక్కా? తెలిసి చేయలేదు."

"తెలియక చేసినదాన్ని ఆయమ్మ పట్టించుకోదులే," అంది బొమ్మి. ఆ మాట పంకజానికి చెప్పిందో తనకు చెప్పుకుందో ఆమెకే తెలియదు. తెలియక చేసినదే కదా తనదీ. పేరంటాలమ్మ ఇక్కడ దూలానికి వేలాడుతుంటే, అక్కడ ఇంకెవరి ముందో దీపం పెట్టి, 'తల్లీ, ఈ ఒక్క బిడ్డను నిలబెట్టు' అని అడిగింది. అడిగిన మాట గాలిలో ఎటు పోయిందో. దారి తప్పిన మాట కూడా దేవుడి చెవికి చేరుతుందా? చేరుతుందనే పెద్దలంటారు. అయితే ఈ పెట్టె ఎందుకు, ఈ చీర ఎందుకు? బొమ్మికి చదువు ఎక్కువ లేదు. ఇలాంటి ప్రశ్నలు వచ్చినప్పుడు ఆమె వాటిని తోసేయదు, పట్టుకుని లాగదు. ఇంట్లో ఒక మూల కూర్చోనిస్తుంది.

"నేను దీన్ని ఇంటికి తీసుకొని పోవాలమ్మా."

పంకజం ముఖం చిన్నబోయింది. "నాకు మాత్రం ఇవ్వకూడదని ఉంటాదా? కానీ ఇక్కడ ఒకటే రూలక్కా. ఇచ్చినవాళ్ళే వచ్చి అడగాల. లేకుంటే 'మా అవ్వది, మా తాతది' అని ఊరంతా వచ్చి నిలబడతారు. దీన్ని ఇచ్చినది ఎవురో నాకు తెలియదు."

"ఒక్కసారి కిందికి దించు. చేయి పెట్టి చూస్తాను. కళ్ళు తెరవను."

పంకజం తటపటాయించింది. తర్వాత గోడకొక్కికి కట్టిన తాడు విప్పి, బిడ్డను ఉయ్యాలలోంచి దించినంత మెల్లగా దించింది. తను మడత పెట్టిన తెల్లగుడ్డల్లో ఒకటి తీసి నేలమీద పరిచింది. పెట్టె దానిమీద ఆనింది.

బొమ్మి కూర్చుంది. ఈ పని అత్తది. అత్త బతికి ఉండగా తన చేయి లోపలికి పోకూడదు. అయినా కళ్ళు మూసుకుంది. మూత ఎత్తింది. పాత పసుపు వాసన, కర్పూరం వాసన, వాటి వెనక ఎండిన పూల వాసన. రెప్పల వెనక ఎండ ఎర్రగా ఉంది. ఆ ఎరుపులో చేయి దిగుతుంటే నూతిలోకి దిగుతున్నట్టు అనిపించింది. పైన మెత్తటి చీర, ముట్టుకుంటే చిట్లిపోయేలా. దానికింద మరొకటి, కొంచెం గట్టి. ఇంకా కింద...

చేయి ఆగింది.

అన్నిటికంటే అడుగున ఉన్న చీరకు గంజి ఇంకా విరగలేదు. మడత అంచు వేలికి గీసుకుంది. అంగట్లో అంటించే అట్టముక్క కూడా చీరకు అలాగే ఉంది.

"పంకజం, ఈ పెట్టెను ఎవురు తెరిచినారు?"

"ఎవురూ తెరవలేదక్కా. సత్యంగా."

"పోయిన ఏటి చీర ఉండాది దీంట్లో."

"అదెట్ల..." అంటూ ఆగిపోయింది పంకజం.  "ఒక అవ్వ వస్తాదక్కా. ఏటా శివరాత్రికి ముందర, నా వంతు దినమే చూసుకొని. అన్నీ చూస్తాది, ఏమీ అడగదు. వచ్చినప్పుడంతా 'కళ్ళు తిరగతా ఉండాది, రంగు సోడా తెచ్చి ఇయ్యమ్మా' అంటాది. అంగడి బస్టాండు దగ్గర. నేను పోయి వచ్చేలోపల ఆమె ఇక్కడ ఒకతే..."

గడప దగ్గర నేల మీద కర్ర ఆనిన శబ్దం.

"ఈసారి సోడా వద్దులే పంకజం," అంది ఒక గొంతు. "బొమ్మీ, చేయి తియ్యి. నిదానంగా. అడుగున ఉన్నది పైకి రాకూడదు."

బొమ్మి కళ్ళు తెరవలేదు. తెరవకపోయినా అత్త ఎక్కడ నిలబడిందో తెలుస్తూనే ఉంది. చేయి తీసి, మూత పెట్టి, నీలం కుట్టును వేళ్ళతో ఒకసారి తడిమి, అప్పుడు కళ్ళు తెరిచింది. ముత్తమ్మాళ్ ఎండ స్తంభం అవతల నిలబడి ఉంది. తెల్లజుట్టు, చంకలో గుడ్డసంచి. ఆమెకూ బొమ్మికీ నడుమ నూగు తేలుతోంది. కలలో కనబడినట్టు కనబడుతోంది కానీ, ముఖంలో భయమూ లేదు, తత్తరపాటూ లేదు.

"తళవాయిపురం పోతా ఉండానని చెప్పినారు గదా అత్తా?"

"పోతాను. నా బస్సు కొంచెం సుట్టుకొని పోతాది," అంటూ ముత్తమ్మాళ్ చాపమీద చతికిలబడింది. "నువ్వు నూలు అంగడికి పోతా ఉండానని చెప్పి వచ్చినావా, గుడికని చెప్పి వచ్చినావా?"

"ఎవురికీ ఏమీ చెప్పలేదు."

"అదైనా నాకంటే మేలు. అబద్ధం లేదు."

పంకజం ఒకసారి అత్త వైపు, ఒకసారి కోడలి వైపు చూసి, గోడకు ఆనుకుని మడతలు మళ్ళీ మొదలుపెట్టింది. వెళ్ళమని ఎవరూ అనలేదు, వెళ్ళే ఉద్దేశం ఆమెకూ లేదు.

బొమ్మికి ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. "ఇంట్లో ఆయమ్మ లేదని మీకు తెలుసు. తెలిసి నాతో దినమూ దీపం పెట్టించినారు. జననికి రెండోసారి పోయినప్పుడు నేను ఆ పెట్టె కింద పొర్లి ఏడిస్తిని గదా అత్తా. మీరు తలుపు దగ్గర నిలబడి చూసినారు. ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే ఏమి చేసి ఉందువు? ఈయమ్మను ఇంటికి తెచ్చి ఉందువు."

"తెస్తాను. ఇప్పుడూ తెస్తాను."

"ఎక్కడ పెడతావు? సామి గది మీద ఏముండాది చెప్పు."

బొమ్మి తల వంచి పెట్టె మూతను సర్దింది.

"చెప్పు. సిగ్గెందుకు? నీ మొగుడు కట్టిన మేడలో, మాడి మీద, సరిగ్గా సామి గదికి నెత్తిమీద, బాత్రూమ్. ఇల్లు లేపేటప్పుడే చెప్పినాను. 'రేయ్ రాజగోపాలా, మన పేరంటాలు ఏనాడూ పెంకుల కింద తప్ప ఉండలేదు రా, ఆయమ్మ నెత్తిమీద మనిషి కాలు పడలేదు' అని. ఇంజినీరు గీసేసినాడంట. మార్చితే పైపు వంకర పోతాదంట. 'అమ్మా, సామి అన్నిచోట్లా ఉంటాది' అన్నాడు నీ మొగుడు. అన్నిచోట్లా ఉండే సామిని ఈ ఒక్క చోటనే ఎందుకు రా ఇరికిస్తావని అడిగితే నవ్వి పోయినాడు."

పంకజం కూడా నవ్వింది, తెల్లగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని.

"పైన ఎవురైనా నీళ్ళు వదిలితే సర్రుమని గోడలో దిగతాయి. ఆ సప్పుడు వింటా ఆయమ్మ ఎట్ల ఉంటాది? నేనైతే ఉండను. అప్పుడు ఈ ఊర్లో పాతసామాన్లు ఎత్తుకొని వచ్చి పెడతా ఉండారని విన్నాను. వచ్చి పైకి చూసినాను. పెంకులు. నెత్తిమీద నడిచేవాళ్ళు ఎవురూ లేరు."

"ఉడుతలు పరిగెత్తుతా ఉంటాయవ్వా," అంది పంకజం.

"ఉడుత చెప్పులు వేసుకోదు," అంది ముత్తమ్మాళ్.

బొమ్మి కప్పు వైపు చూసింది. గాజు పెంకు మీద నిజంగానే ఒక ఉడుత నీడ ఆగి, తోక ఆడించి, పోయింది. దేవుడికి పైన ఏమిటి, కింద ఏమిటి అని అడగాలనిపించింది. కానీ పొరపాటున కాలు తగిలితే చేటను కూడా కళ్ళకద్దుకునే మనిషి తను. ఆ అద్దుకునే చేయి ఎక్కడి నుంచి వచ్చిందో అత్త మాట కూడా అక్కడి నుంచే వచ్చింది.  అన్నిటికంటే ముందు ఒకటి తేలింది. పేరంటాలమ్మ పస్తు ఉండలేదు. ఏ ఏడూ ఆమె చీర తప్పలేదు.

"మీరు ఒక్కరే బస్సెక్కి వచ్చినారా, ఏటా?"

"ఎవురిని రమ్మందును?" ముత్తమ్మాళ్ సంచిలోంచి కొత్త చీర తీసింది. ఆకుపచ్చ నూలు, ఎర్రంచు. దాన్ని కోడలి ఒడిలో పెట్టింది. "ఈ ఏడు నువ్వు పెట్టు."

"మీరు ఉండగా నేనా?"

"నా చేయి వణకతా ఉండాది. పోయిన ఏడు మడత నలిగిపోయె. చేయి పెట్టేసినావు గదా ముందే, ఇంక అడిగేదేముండాది? పెట్టు. జనని పేరు చెప్పి పెట్టు."

బొమ్మి మళ్ళీ కళ్ళు మూసుకుంది. ఈసారి చేయి తనంతట తానే దారి తెలిసినట్టు దిగింది. మెత్తటి చీర కింద, గట్టి చీర కింద, పోయిన ఏటి గంజి చీరకు కూడా కింద, ఆకుపచ్చ నూలు జారి సర్దుకుంది. 'తల్లీ, జనని బిడ్డ' అంది లోపల.  ఎరుపు రంగు చీకటిలో ఎవరో ఆమె వేళ్ళను ఒక్క క్షణం పట్టుకుని వదిలినట్టనిపించింది. చీర మడతే అయి ఉంటుంది. అయినా ఆమె చేయి తీయడానికి తొందరపడలేదు.

పంకజం తాడు లాగింది. పెట్టె ఊగుతూ పైకి పోయి, దూలం కింద నిలిచింది. ముగ్గురూ తలెత్తి చూస్తూ ఉండిపోయారు.

"ఇచ్చినవాళ్ళు వచ్చేసినారు గదా," అంది పంకజం నెమ్మదిగా. "తీసుకొని పోతారా అక్కా?"

"వద్దమ్మా. ఇక్కడే ఉండనీ. బిడ్డ పుట్టినాక జననిని ఇక్కడికే తీసుకొని వస్తాను." ఆ మాట అన్నాక బొమ్మి అత్త వైపు తిరిగింది. ఒకటి మిగిలిపోయింది. దాన్ని మూల కూర్చోబెట్టడం ఆమెకు ఈసారి చేతకాలేదు. "అత్తా, ఇంట్లో పసుపుగుడ్డ చుట్టి పెట్టిన పెట్టె. అది వట్టిదేనా? ఇన్నాళ్ళు నేను అడిగినది వట్టి పెట్టెనా?"

"వట్టిది కాదు."

"మరి ఎవురుండారు దాంట్లో?"

ముత్తమ్మాళ్ కర్రకొనతో నేలమీది నూగును ఒకచోటికి చేర్చింది. మళ్ళీ చెదరగొట్టింది. ఆ ముఖంలో ఇంతసేపూ లేని మెత్తదనం వచ్చింది.

"నా పాప," అంది. "దాని పావడ, దావణి."

పాప. ఓణీలు వేసుకునే ఈడులోనే పోయిన రాజగోపాలన్ చెల్లెలు. బొమ్మి ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికే ఆమె లేదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగితే, 'జ్వరం వచ్చి పోయింది, అమ్మ దగ్గర ఆ పేరు ఎత్తవద్దు' అన్నాడు భర్త. ఆ ఇంట్లో పాప ఫోటో లేదు. ఆమెకు తద్దినం పెట్టడం కూడా బొమ్మి ఎప్పుడూ చూడలేదు. పెళ్ళికాని పిల్లలకు పెట్టరేమో అనుకుంది.

"దాని పేరే ఎత్తకూడదన్న ఇంట్లో," అంటోంది ముత్తమ్మాళ్, "దాని గుడ్డల కింద, ఆ మాట అన్న నీ మొగుడే దినమూ నేలకు తల ఆనించి మొక్కుతా ఉండాడు. నేను చూస్తా ఉంటాను. మొక్కు రా, మొక్కు అనుకుంటాను."

బొమ్మి జరిగి అత్త మోకాలి మీద చేయి వేసింది. కోపం ఎప్పుడు పోయిందో తెలియలేదు. పెళ్ళి చూడకుండా పోయిన ఆడపిల్లను కన్నెసామిగా ఇంట్లో నిలుపుకోవడం వాళ్ళలో ఉన్నదే. ఇంటి ఆడబిడ్డే పుట్టబోయే ఇంటి బిడ్డ కోసం మొక్కు విన్నదన్నమాట.

"నాతో చెప్పకూడదా అత్తా? నేనే ఏటా ఒక దావణి కొని పెట్టి ఉందును. చనిపోయిన పిల్లకు అంతమాత్రం చేయలేనా?"

ముత్తమ్మాళ్ కోడలి చేతిమీద తన చేయి వేసింది. కళ్ళు ఆర్పకుండా ఆమెనే చూసింది.

"చనిపోయినాదని నీకెవురు చెప్పినారు?"